చలికాలపు పాటల జాబితా: చలిని పాడే సంగీతమా, చలిని మరిపించే నాదమా?

చలి మొదలయ్యే వేళకు ప్రతి ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఈ కాలానికి తగ్గ పాటల జాబితా ఒకటి చెప్పండి, అయితే అన్నీ ఒకే రకంగా ఉండకూడదు." అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక జాబితా కూర్చుకుని, నాలుగు రోజులకే విసుగెత్తి వచ్చినవారు. ఆ జాబితాలు తిరగేస్తే రెండు దారులు కనిపిస్తాయి. కొందరు చలికాలం మీద కట్టిన సంగీతాన్ని పోగుచేస్తారు. పేరులో మంచో, హేమంతమో, శిశిరమో ఉంటే చాలు, చేర్చేస్తారు. మరికొందరు చలి సంగతి పక్కన పెట్టి, వింటుంటే ఒంటికి వెచ్చగా అనిపించేదాన్ని వెతుక్కుంటారు.

నా మొగ్గు రెండో దారి వైపే. కానీ మొదటి దారిలో ఉన్న సంపద చిన్నది కాదు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

చలిని పాడే సంగీతం

ఇక్కడ ఎవరైనా మొదట చెప్పే పేరు ఇటలీ స్వరకర్త వివాల్డి. ఆయన నాలుగు ఋతువుల వయొలిన్ రచనలు 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. వాటిలో చివరిది శీతాకాలం. దాని భాగాలన్నీ కలిపినా పది నిమిషాలు పట్టదు. చాలామంది మొదటి భాగంలోని వణుకునూ, గాలి విసురునూ మెచ్చుకుని అక్కడితో వదిలేస్తారు. నేను మాత్రం రెండో భాగం దగ్గర ఆగి వినమంటాను. రచనతో పాటు అచ్చువేసిన పద్యం ప్రకారం అక్కడ బయట వాన కురుస్తోంది, లోపల మనిషి నిప్పు పక్కన నిశ్చింతగా ఉన్నాడు. బృందంలోని వయొలిన్లు కమాను వాడకుండా తీగలను వేళ్లతో మీటుతాయి. అవి చినుకులు. వాటి మీదుగా ఒకే ఒక్క వయొలిన్ కమానుతో, ఏ తొందరా లేకుండా, సాగదీస్తూ పాడుతుంది. అది లోపలి మనిషి. దాదాపు రెండు నిమిషాల ఆ భాగంలో బయటి చలీ లోపలి వెచ్చదనమూ ఒకేసారి చెవిన పడతాయి. చలి గురించిన సంగీతం హాయినిచ్చేది ఇలా మనం కూర్చుని వినడానికి లోపల ఒక చోటు చూపించినప్పుడే అని నా నమ్మకం.

ఆ చోటు చూపించని గొప్ప రచనలూ ఉన్నాయి. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో విల్‌హెల్మ్ మ్యూలర్ కవితలకు స్వరాలు కట్టిన 'శీతాకాల యాత్ర' 24 పాటల మాల. ప్రేమలో ఓడిన యువకుడు రాత్రివేళ ఊరు విడిచి మంచులో నడుస్తూ పోతాడు. గంటకు పైగా సాగే ఆ నడకలో అతనికి ఎక్కడా గూడు దొరకదు. చివరి పాటలో ఊరి బయట గడ్డకట్టిన నేల మీద వట్టికాళ్లతో ఒక ముసలివాడు నిలబడి, చేత్తో తిప్పే వాద్యాన్ని వాయిస్తుంటాడు. అతని పళ్లెంలో ఒక్క నాణెమూ పడదు. పియానో ఎడమచేయి పాట పొడవునా షడ్జ పంచమాలను కలిపి మోగిస్తూనే ఉంటుంది. తంబురా శ్రుతి మీద పాడే సంగీతానికి అలవాటుపడిన మన చెవికి, జర్మన్ ఒక్క ముక్క రాకపోయినా, ఆ పాట పరాయిదిగా తోచదు. ఇది రాసిన మరుసటి ఏడాదే, 31 ఏళ్లకే, షూబర్ట్ కన్నుమూశాడు.

ఇంత గొప్పదాన్ని జాబితాలో చేర్చవద్దని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ చెప్పక తప్పదు. ఆ మాల నుంచి ఒక పాట తెంపి మరో రెండు పాటల మధ్య పెడితే దాని బరువు పోతుంది, పక్కనున్న పాటలూ పాడవుతాయి. దానికి ఒక సాయంత్రం మొత్తం విడిగా ఇవ్వండి.

ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యూసీ పియానో రచన 'మంచు మీద అడుగులు' మాత్రం జాబితాలో ఇమిడిపోతుంది. 1910లో వచ్చిన మొదటి ప్రెల్యూడ్ల (చిన్న పియానో రచనల) సంపుటిలోనిది, నాలుగు నిమిషాలకు అటూఇటూ. ఒక చిన్న స్వరాల జంట తడబడే అడుగులా మొదటి నుంచి చివరి దాకా తిరిగి తిరిగి వస్తుంది. ఆ లయ విచారంగా, గడ్డకట్టి ఉన్న ప్రకృతి దృశ్యంలా పలకాలని ఆయనే స్వరపత్రం మీద రాసుకున్నాడు.

ఇంతవరకు బాగానే ఉంది. మన రాగాల దగ్గరికి వచ్చేసరికి పేరు చూసి ఎంచుకునే పద్ధతికి గండి పడుతుంది. హిందుస్తానీలో వానకు మల్హార్ రాగాల కుటుంబమే ఉంది. వసంతానికి బసంత్, బహార్ ఉన్నాయి. చలికి అంత గట్టిగా ముడిపడిన రాగం ఏదంటే వెంటనే జవాబు రాదు. కొన్ని పాత వర్గీకరణల్లో మాల్కౌన్స్‌ను శిశిరానికి కేటాయించారు గానీ, నేడు వినేవారికి అది అర్ధరాత్రి రాగంగానే తెలుసు. పేరు పట్టుకుని పోతే ఇంత సంగీతమూ జాబితా బయటే ఉండిపోతుంది. పైగా పేరు ఒకటే అయినంత మాత్రాన పక్కపక్కన పెట్టిన పాటలు ఒకదానితో ఒకటి కలవవు. నాలుగు రోజులకే విసుగు పుట్టడానికి కారణం అదే.

చలిని మరిపించే నాదం

వెచ్చగా ఉండే పాటలు ఏవని అడిగితే ఎక్కువమంది ప్రేమగీతాలని, పాత పాటలని అంటారు. నా దృష్టిలో తేల్చేది సాహిత్యమూ కాదు, కాలమూ కాదు. స్థాయి. పాట ఏ స్థాయిలో, అంటే పై స్వరాల్లోనా కింది స్వరాల్లోనా, నడుస్తోంది, అందులో మంద్రానికి, అంటే అడుగు స్వరాలకు, ఎంత చోటుంది అన్నదే అసలు సంగతి. ఒకే రాగాన్ని తారస్థాయిలో వేణువు మీద వినండి, ఆ తర్వాత సితార్ కన్నా లోతుగా పలికే సుర్‌బహార్ మీద వినండి. స్వరాలు అవే. మొదటిది ఆరుబయట ఉన్నట్టు ఉంటుంది, రెండోది తలుపులు మూసిన గదిలో. ఎండాకాలం పొద్దున మొదటిది నాకు ప్రాణం. పొద్దు త్వరగా వాలిపోయే రోజుల్లో రెండోదే కావాలి.

ఈ గీటురాయి పట్టుకుని చూస్తే ఎంచుకోవలసినవి వాటంతట అవే ముందుకొస్తాయి. కర్ణాటక సంగీతంలో ఎం.డి. రామనాథన్. ఆయన గొంతు లోతు, చౌకకాలంలో, అంటే బాగా నెమ్మదైన నడకలో, కీర్తనను నడిపే నిదానం మరొకరిలో దొరకవు. ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతుల మధ్య ఆయన వదిలే ఖాళీ కూడా పాటలో భాగమే. ఆ ఖాళీని తట్టుకోలేనివారు మొదట్లో ఇబ్బంది పడతారు. రెండో కీర్తనకు అలవాటవుతుంది. హిందుస్తానీలో ఉస్తాద్ అమీర్ ఖాన్ పాడిన దర్బారీ రాగం. ఆ రాగంలో గాంధారం ఒకచోట నిలవదు, నెమ్మదిగా ఊగుతుంది. ఆ ఊగును అతి విలంబంలో (నెమ్మది లయలో), మంద్రంలో ఆయన అంత ఓపికగా చూపించినవారు తక్కువ. తెలుగులో అదే గాంభీర్యం కావాలంటే ఘంటసాల పద్యాలున్నాయి. వాద్యాల హంగు తక్కువగా ఉన్నవి ఎంచుకుంటే గొంతు అడుగు స్వరాలు స్పష్టంగా వినిపిస్తాయి. అమీర్ ఖాన్, ఘంటసాల ఇద్దరూ 1974 ఫిబ్రవరిలో రెండు రోజుల తేడాతో వెళ్లిపోయారు. ఒకరి తర్వాత ఒకరిని విన్నప్పుడల్లా అది గుర్తొస్తుంది.

వాద్యాల్లో వీణకు మొదటి చోటు. స్వరాలు పలికించే నాలుగు తీగల్లో చివరిదాని పేరే అనుమంద్రం. తానం (తాళం లేకుండా లయతో సాగే రాగ విస్తారం) వాయిస్తూ వైణికులు ఆ తీగ మీదికి దిగే క్షణం కోసమే నేను కొన్ని రికార్డింగులు మళ్లీ మళ్లీ వింటాను. దాని పక్కనే నిలబడగలది వయొలిన్ కన్నా లోతుగా పలికే చెల్లో. బాహ్ ఒంటరి చెల్లోకు రాసిన ఆరు సూట్లలో (చిన్న రచనల వరసల్లో) మొదటిదాని ఆరంభం అందరూ విన్నదే. నేను రెండోదాన్ని చేర్చమంటాను, అది మరింత లోతైనది. చెల్లో వాద్యకారుడు పాబ్లో కజాల్స్ 1936 నుంచి 1939 వరకు చేసిన రికార్డింగులు పాతవి, గరగరమంటాయి. అయినా తీగ మీద కమాను ఒరిపిడి అంత దగ్గరగా వినిపించేవి అరుదు.

జాజ్‌లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఈ కాలానికే పుట్టిందేమో అనిపిస్తుంది. మొదటి రచనలో అసలు రాగాన్ని ఎత్తుకునేది ట్రంపెట్ కాదు, అడుగున ఉండే బాస్. అది ప్రశ్నలా ఒక వాక్యం పలికితే మిగతా వాద్యాలు రెండు మాటల్లో జవాబిస్తాయి.

పియానో వాద్యకారుడు కీత్ జారెట్ జర్మనీలోని కొలోన్‌లో చేసిన కచేరీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1975 జనవరి 24 రాత్రి, కొలోన్ ఒపేరా భవనం. ఆయన కోరిన పియానో రాలేదు. వేదిక మీద ఉన్నది చిన్నది, సరిగా లేనిది. పై స్వరాలు పలుచగా రేకు మోగినట్టు ఉన్నాయి, మంద్రంలో బలం లేదు. దాంతో జారెట్ ఎక్కువసేపు మధ్యస్థాయిలోనే తిరుగుతూ, ఎడమచేత్తో ఒకే తూగును పదే పదే వాయిస్తూ, అప్పటికప్పుడు కచేరీ అల్లుకుంటూ పోయాడు. మొదటి భాగమే 26 నిమిషాలు. వెచ్చదనం అంటే అడుగు స్వరాలు మాత్రమే కాదని, పైస్థాయి పదును తగ్గినా వస్తుందని ఈ రికార్డింగు చెబుతుంది. నా జాబితాలో దీన్ని ఏ ఏడాదీ తీసేయలేదు.

వైవిధ్యం ఎక్కడ వెతకాలి

అన్నీ మంద్రంగా, నిదానంగా ఉంటే నిద్ర రాదా అన్నది తర్వాతి ప్రశ్న. స్థాయి ఒక్కటి పట్టుకుని మిగతావన్నీ మార్చండి. భాష, వాద్యం, సంప్రదాయం, గొంతు మారాలి. వీణ తానం తర్వాత చెల్లో, దాని తర్వాత ఘంటసాల పద్యం, ఆ వెంట బాస్‌తో మొదలయ్యే జాజ్. కాగితం మీద ఇవి పొసగవు. చెవికి మాత్రం ఒకే ఇంటి మనుషుల్లా ఉంటాయి. మొదటి దారిలో పేరు కలిసి నాదం విడిపోతుంది, ఇక్కడ పేర్లు విడిపోయి నాదం కలుస్తుంది. వినేది చెవి కాబట్టి ఇదే నిలబడుతుంది.

ఒక్కొక్కసారి పోలికలు మనల్ని ఆశ్చర్యపరుస్తాయి. మాల్కౌన్స్, మన కర్ణాటక సంగీతపు హిందోళం రెండూ అవే ఐదు స్వరాలు. రిషభం లేదు, పంచమమూ లేదు. హిందుస్తానీవారు మాల్కౌన్స్‌కు తంబురాను పంచమానికి బదులు మధ్యమానికి శ్రుతి చేస్తారు. అందుకే నేపథ్యమే వేరుగా వినిపిస్తుంది. ఒక మాల్కౌన్స్ ఆలాపన వెంటనే ఒక హిందోళ కీర్తన పెట్టి చూడండి. స్వరాలు మారకుండానే మనిషి మారినట్టు ఉంటుంది.

ఇలాంటి జాబితా ఫోను స్పీకరులో వింటే మాత్రం నేను చెప్పినదంతా వృథా. చెల్లో అడుగు తీగ పలికేది దాదాపు 65 హెర్ట్జ్ దగ్గర. అంత కింది ధ్వనిని ఆ చిన్న స్పీకరు పలికించలేదు. పైగా రాత్రి పక్కవారికి ఇబ్బంది కలగకూడదని ధ్వని తగ్గిస్తాం. ధ్వని తగ్గేకొద్దీ మన చెవి ముందు వదిలేసేది మంద్రస్వరాలనే. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపిన సంగతి ఇది. తక్కువ ధ్వనిలో వినేటప్పుడు బాస్ కొంచెం పెంచుకోవడం తప్పేమీ కాదు. మంచి హెడ్‌ఫోన్లు ఉంటే మరీ మేలు. వేర్వేరు కాలాల రికార్డింగులు కలుస్తాయి కాబట్టి అన్ని పాటల ధ్వనినీ ఒకే స్థాయికి తెచ్చే సదుపాయం మీ యాప్‌లో ఉంటే వాడండి. లేకపోతే బాహ్ తర్వాత వచ్చే సినిమా పాట ఉలిక్కిపడేలా చేస్తుంది. ఒక పాట చివర మరో పాటను కలిపే సదుపాయం ఉంటే ఆపేయండి. వరస తారుమారు చేసే షఫుల్ కూడా వద్దు.

మిగిలిన దారుల గురించి రెండు ముక్కలు. హుషారు పాటలతో చలి వదలగొట్టాలనుకునేవారు పొద్దున వ్యాయామానికి విడిగా ఒక జాబితా పెట్టుకోవచ్చు, దీనిలో కలపవద్దు. యాప్‌లు తయారుచేసి ఇచ్చే శీతాకాలపు జాబితాలు ఎక్కువగా పేరు చూసి కూర్చినవే అనిపిస్తాయి. నిప్పు చిటపటల శబ్దాలు నిద్రకు బాగుంటాయేమో గానీ అవి సంగీతం కిందికి రావు.

మొదటి దారిని పూర్తిగా వదిలేయమని నేను అనను. గంటన్నర జాబితాలో పదిహేను నిమిషాలు దానికి ఇవ్వండి. వివాల్డి మధ్య భాగాన్ని సగం దాటాక పెట్టండి. అప్పటికి మంద్రానికి అలవాటుపడిన చెవికి ఆ మీటిన చినుకులు కొత్తగా తగులుతాయి. డెబ్యూసీ చివరి నుంచి రెండో చోట ఉంటే బాగుంటుంది, ఆ తర్వాత మళ్లీ వీణకు రావచ్చు.

ఇంత నిదానం మా వల్ల కాదనేవారు రామనాథన్‌తో మొదలుపెట్టవద్దు. 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి రచనతో మొదలుపెట్టండి. అందులో నడక ఉంది, తూగు ఉంది. దాని నుంచి జారెట్‌కు, అక్కడి నుంచి బాహ్ రెండో సూట్‌కు వెళ్లండి. దర్బారీని రెండో వారంలో చేర్చండి, రామనాథన్‌ను ఆ తర్వాత.