సెల్బోర్న్ ఉత్తరాలు: తప్పక చదవండి, ముద్రణ మాత్రం చూసి కొనండి

ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ రాసిన, 1789లో వెలువడిన ‘సెల్బోర్న్’ పుస్తకమంతా ఉత్తరాలే. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో సెల్బోర్న్ అనే పల్లెలో ఉంటూ జంతుశాస్త్రజ్ఞుడు థామస్ పెనంట్‌కు 44, ప్రకృతి మీద ఆసక్తి ఉన్న న్యాయవాది డెయిన్స్ బారింగ్టన్‌కు 66 రాశాడు. మొదటి కొన్ని నిజంగా పోస్టు చేసినవి కావు, ఊరిని పరిచయం చేయడానికి పుస్తకం కోసం రాసినవి. అవి కాస్త చప్పగా ఉంటాయి, ఓపిక పట్టండి.

నాకు ప్రాణం చిట్టెలుక గూడు గురించిన ఉత్తరం. గోధుమ ఆకులతో అల్లిన ఆ గూడు క్రికెట్ బంతంత ఉంటుంది. లోపల కళ్ళు తెరవని పిల్లలు ఎనిమిది. బల్ల మీద దొర్లించినా గూడు చెదరలేదట! ఇంత బిగువుగా ఉంటే తల్లి ఒక్కో పిల్లకూ పాలెలా ఇస్తుందని ఆయన ఆశ్చర్యపోతాడు. ఎదిగిన చిట్టెలుకలు రెండింటిని త్రాసులో వేస్తే ఒక్క రాగి హాఫ్‌పెన్నీ నాణేనికి సరితూగాయి. చూడటమంటే ఇదీ.

చూపుకి ఒకేలా ఉండే మూడు రకాల చిన్న పిట్టలను పాటను బట్టి విడదీసిందీ ఈయనే. స్వాలో పిట్టలు చలికాలంలో ఎక్కడో దాక్కుంటాయేమో అన్న అనుమానం మాత్రం చివరిదాకా వదల్లేదు. అది పొరపాటే అయినా ఆ తర్జనభర్జన చదవడం నాకిష్టం.

అవతలివాళ్ళ జవాబులు లేకపోవడం పెద్ద వెలితి. పెనంట్ ఏమన్నాడో వైట్ మాటల్లోంచే ఊహించుకోవాలి. నేను కొన్న చవక ముద్రణలో సూచిక లేదు, అక్షరాలు మరీ చిన్నవి. సూచిక, బొమ్మలు ఉన్నదే తీసుకోండి.