వరద నీళ్లు తాగిన కారును నాకు అంటగట్టారు, మీరు జాగ్రత్త

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల లక్షలోపు పాత కారు కోసం వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే జేబులోంచి డబ్బు తీయండి. తమిళనాడు నంబరు ప్లేటు, మెరిసే కొత్త సీటు కవర్లు, మిగతాచోట్ల చెప్పే ధర కంటే ముప్పై వేలు తక్కువ. ఈ మూడూ ఒకే కారులో కనిపిస్తే చూడటానికి వెళ్లేటప్పుడు ఒక టార్చిలైటు వెంట తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు.

నాది కావలి దగ్గర రొయ్యల చెరువుల పని. మోకాళ్ల నొప్పులతో అమ్మ బస్సు మెట్లు ఎక్కలేకపోతోంది. నెల్లూరు ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ట్యాక్సీకి పోస్తున్న డబ్బు లెక్క వేసుకుని, 2024 మే నెలలో చిన్న కారు కోసం తిరగడం మొదలుపెట్టాను. నెల్లూరులో ఒక కార్ కన్సల్టెన్సీలో 2010 జులైలో రిజిస్ట్రేషన్ అయిన బండి దొరికింది. ఏ కంపెనీ కారో చెప్పను, ఈ కథలో తప్పు దాన్ని తయారుచేసినవాళ్లది కాదు. లక్షా పదివేలు చెప్పి, టీ తాగేలోగా తొంభై రెండు వేలకు దిగారు. అంత తొందరగా ఎందుకు దిగారా అని అనుమానించాల్సింది పోయి, నా బేరం అంత గట్టిదని మురిసిపోయాను.

"లేడీ డాక్టరు గారు వాడిన బండి సార్. ఇల్లు, క్లినిక్కు, అంతే" అన్నాడు అమ్మినతను. మన వైపు అమ్ముడయ్యే పాత కార్లన్నీ లేడీ డాక్టర్లే నడిపి ఉంటే, పాపం వాళ్లకు రోగులను చూసే తీరిక ఎప్పుడు దొరికిందో.

నేను వెళ్లేసరికి కారు కడిగి, ముందు నిమ్మకాయలు కట్టి సిద్ధంగా ఉంచారు. లోపల అగరుబత్తి వాసన గుప్పుమంది. అమ్మేవాడికి దైవభక్తి ఎక్కువని అనుకున్నాను. తాళం తిప్పగానే ఇంజను పలికింది. ఏసీ చల్లగా వచ్చింది. మీటరు నలభై ఎనిమిది వేల కిలోమీటర్లు చూపిస్తోంది. యాక్సిలరేటర్ పెడల్ మీద రబ్బరు గాట్లు అరిగి నున్నగా అయిపోయాయని గమనించాను కానీ, అంత తక్కువ తిరిగిన బండికి పెడల్ అలా అరగదని, మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చని తట్టలేదు. ఒక చీటీ మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో "బండిని ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తీసుకున్నాను" అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం ఎందుకు రాస్తారో తరువాత తెలిసింది.

మొదటి నెల ఏ గొడవా లేదు. రోహిణి కార్తె ఎండలో ఒకరోజు సింగరాయకొండ వైపు వెళుతుంటే వైపర్లు వాటంతట అవే ఊగడం మొదలుపెట్టాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు, నా కారు మాత్రం వాన తుడుస్తోంది. ఎదురొచ్చే ఆటోవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంకో వారానికి కుడివైపు అద్దం దిగడం మానేసింది. ఆ తరువాత సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్కుమని ఊరుకునేది. పాత బండి కదా అని ఒక్కొక్కటే బాగు చేయించుకుంటూ పోయాను.

జులైలో నవ్వు ఆగిపోయింది. ఒంగోలులో పెళ్లి చూసుకుని రాత్రి తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో అమ్మ, నా భార్య. ఉలవపాడు దాటాం, సన్నగా జల్లు పడుతోంది. తెట్టు రాకముందే హెడ్‌లైట్లు, డాష్‌బోర్డు, ఇంజను అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పార్కింగ్ లైటు కూడా వెలగలేదు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రి పదిన్నరకు లారీలు ఎలా వస్తాయో ఈ దారిన తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఉన్న ఊపుతోనే కారును ఎడమ పక్కకు దించి, అమ్మను చెయ్యి పట్టి దించుకుని, ముగ్గురం ఫోన్ల లైట్లు ఊపుతూ గట్టు మీద నిలబడ్డాం. కావలి నుంచి బండి వచ్చి లాక్కెళ్లేసరికి ఒంటిగంట దాటింది.

మర్నాడు మెకానిక్ బానెట్ ఎత్తనే లేదు. తలుపు తీసి ముందు సీటు బెల్టు పట్టుకుని లాగాడు. లాగుతూనే ఉన్నాడు. మనం పెట్టుకునేటప్పుడు బెల్టు సగమే బయటికి వస్తుంది, మిగతాది చుట్ట లోపలే ఉండిపోతుంది. ఆ చివరి మూర బయటికి రాగానే చూస్తే, నల్లటి బెల్టు మీద అడ్డంగా గోధుమరంగు చార. చార కింద భాగమంతా బిరుసుగా, గోరుతో గీకితే పొడి రాలేలా ఉంది. తరువాత డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీశాడు. ఆ గుంతలో అట్టు పోసినట్టు పలుచగా ఆరిపోయిన ఒండ్రు, దాని మీద పగుళ్లు. "అన్నా, ఈ బండి సీట్ల దాకా నీళ్లలో మునిగింది" అన్నాడు.

నాకు తల తీసేసినంత పనయింది. ఉప్పునీటి పక్కన బతికేవాడిని. తుప్పు పట్టిన బోల్టు నాకు కొత్త కాదు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు మునిగితే విప్పి, ఎండబెట్టి, వైండింగుకు వార్నిష్ పట్టిస్తే మళ్లీ తిరుగుతుంది. కానీ దాని ప్యానెల్ బాక్సులోకి నీరు పోతే ఆ బాక్సు ఇక నమ్మకానికి పనికిరాదు. కారుదీ అదే సంగతి. ఇంజను ఇనుప ముద్ద. నీళ్లు తీసి, ఆయిలు మార్చి, కడిగితే చాలావరకు పలుకుతుంది. అమ్మేవాడు మీకు చూపించేదీ అదే. చచ్చేది వైరింగు. కనెక్టర్లలోని రాగి పిన్నులకు పచ్చటి చిలుము మెల్లగా ఎక్కుతుంది, నెలలు పడుతుంది. కార్పెట్ కింద స్పాంజి లాంటి మందపాటి పొర ఉంటుంది, పైన ఎండినట్టున్నా అడుగున తడి పోదు. నా కారులో ఇంజనును నడిపించే కంప్యూటర్ పెట్టె డాష్‌బోర్డు కింద, కాళ్లు పెట్టుకునే చోటికి దగ్గరగా ఉంది. తడికి తగిలింది మొదట అదే. అగరుబత్తి ఎందుకు వెలిగించారో అప్పటికి అర్థమైంది.

లెక్క చెబుతాను. పాతదే ఇంకో కంప్యూటర్ పెట్టె 14,000, వైరింగు 9,500, సెల్ఫ్ మోటారు 3,800, ఏసీ బ్లోయరు 2,600, లాక్కొచ్చినందుకు 2,500. టైర్లు చూడటానికి నల్లగా నిగనిగలాడాయి కానీ పక్కన ముద్రించిన నాలుగంకెలు చూస్తే 3113. అంటే 2013లో ముప్పై ఒకటో వారంలో తయారైనవి. నాలుగూ మార్చాను, 11,600. మొత్తం 44,000. తొంభై రెండు వేల కారు లక్షా ముప్పై ఆరు వేలయింది, అయినా వానలో బయటికి తీయాలంటే భయమే.

కారు ఎక్కడ మునిగిందో తెలుసుకోవాలనిపించింది. పాత ఇన్సూరెన్స్ కాపీ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే చెన్నైలో ఒక పెద్దాయన ఎత్తారు, అదృష్టవశాత్తూ తెలుగువారే. రిటైరైన గుమాస్తా, డాక్టరు కాదు. నేను ఊరి పేరు చెప్పగానే ఆయన, "రెండు నెలలుగా టంగుటూరు టోల్‌గేటులో డబ్బు కట్ అయిందని నాకు మెసేజీలు వస్తున్నాయి, ఎవరా అనుకుంటున్నాను" అన్నారు. అద్దం మీద ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు ఉంది, వాడుకోండి సార్ అని కన్సల్టెన్సీవాడు ఉదారంగా ఇచ్చింది ఈయన డబ్బే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరిలో ఆయన వీధి మునిగింది. కారు నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. ఎదుటివాళ్ల నష్టానికే పనికొచ్చే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉండటంతో పైసా రాలేదు. తుక్కుకని చెప్పి పద్దెనిమిది వేలకు అమ్మేసి, అడిగిన ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారు.

అదే తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి నీళ్లు తాగిన కార్లన్నీ చెన్నైవే అనుకోవద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఊళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసింది. మనం ఈ రెండు నగరాల మధ్య, ఒకే రహదారి మీద ఉన్నాం. ఏ వైపు నుంచైనా సరుకు మన దగ్గరికే వస్తుంది. ఏపీ నంబరు చూసి ధైర్యపడకండి.

చూడటానికి వెళ్లేముందు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే తిరిగి వచ్చేయండి, లేదా సాయంత్రం దాకా అక్కడే కూర్చోండి. చల్లటి ఇంజను మొదటిసారి పలికినప్పుడు పొగ గొట్టం దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని, అంటే ఇంజనులో పిస్టన్ రింగులు పోయాయని అర్థం. తెల్లటి పొగ ఎంతసేపటికీ ఆగకపోతే ఇంజనులోకి నీళ్లు రాకుండా ఆపే హెడ్ గాస్కెట్‌ను అనుమానించండి. ఆయిలు గేజి బయటికి తీసినప్పుడు పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలిసినట్టే, ఇక మాటలు అనవసరం. ఆ తరువాత టార్చి. సీట్ల కింద పట్టాల బోల్టులు, డాష్‌బోర్డు అడుగున స్క్రూ తలలు చూడండి. అవి కారు లోపలి చోట్లు, అక్కడ తుప్పుకు పనిలేదు. ఫ్యూజు బాక్సు మూత తీయండి. హెడ్‌లైటు అద్దం లోపల నీటి గీత ఉందేమో చూడండి. బెల్టు, స్టెప్నీ సంగతి పైన చెప్పాను, ఆ రెండూ తప్పించుకోవడం అమ్మేవాడికి కష్టం. అన్నిటికీ మించి, మీకు తెలిసిన మెకానిక్‌కు ఐదు వందలో వెయ్యో ఇచ్చి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించే మెకానిక్ వద్దు. నేను ఆ వెయ్యి మిగుల్చుకున్నాను.

కాగితాల దెబ్బ ఇంతకంటే పెద్దది. ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ పత్రం, ఇప్పటికీ ఆ పెద్దాయన పేరు మీదే ఉంది. ఏపీకి మార్చాలంటే అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం రావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎన్‌ఓసీకి దరఖాస్తు చేస్తే ఓటీపీ ఆయన ఫోనుకే వెళుతుంది. "సంతకం పెట్టిన ఫారాలన్నీ ఉన్నాయి సార్, ఇక మీదే ఆలస్యం" అన్న మాటకు విలువ ఇంతే. పైగా సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే. ఆ తరువాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, 2022 ఏప్రిల్‌లో దాని ఫీజే ఐదు వేలు చేశారు. నా కారు గడువు 2025 జులైతో తీరిపోయింది. కొనేనాటికి దానికి మిగిలిన ఆయుష్షు పద్నాలుగు నెలలేనని ఆర్‌సీ మీదే రాసి ఉంది, చదవలేదు.

అమ్మేవాళ్లకూ ఒక మాట. పేరు మారకముందు ఆ కారు ఎవరినైనా గుద్దితే, పరిహారం విషయంలో రికార్డుల్లో ఉన్న యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లకు ఆర్‌టీవో దగ్గర అనుమతి ఉండాలన్న నిబంధన వచ్చింది. బండి డీలరుకు అప్పగించినట్టు యజమాని ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. మీరు కొనే చోట ఆ అనుమతి కాగితం చూపించమని అడగండి. అడగగానే ముఖం ఎలా మారుతుందో అదీ చూడండి. కారు నంబరును రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కొట్టి, యజమాని పేరు, ఫైనాన్సు బాకీ, చలానాలు, ఇన్సూరెన్స్ గడువు చూసుకున్నాకే అడ్వాన్సు. మొత్తం డబ్బు మాత్రం పేరు మారేదాకా ఇవ్వకండి.

కన్సల్టెన్సీకి వెళ్లి అడిగితే, "పాత బండికి గ్యారంటీ ఎవరిస్తారు సార్" అని ఆ చీటీ నా ముందు పెట్టారు. మునిగిన సంగతి దాచినందుకు ఆ చీటీ అడ్డం రాదని తెలిసినవాళ్లు చెప్పడంతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, తరువాత వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. కేసు నడుస్తోంది. డబ్బు యూపీఐలో పంపడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని, ఆ రుజువే ఇప్పుడు పనికొస్తోంది.

కారు చెరువు గట్టు మీద ఉంది. కాపలా అతను అందులో మేత బస్తాలు పెట్టుకుంటున్నాడు. మొన్న ఎవరో ఒంగోలు నుంచి ఫోన్ చేసి, మీ దగ్గర ఖాళీగా కారు ఉందట కదా అన్నారు. మునగడం దగ్గర నుంచి ఎన్‌ఓసీ దాకా ఇక్కడ రాసినదంతా పావుగంట చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక, "ఇరవై వేలకైతే రేపే వచ్చి తీసుకెళతాను, పైకి పెయింట్ బాగానే ఉంది కదా?" అన్నాడు.