సైన్యం నుంచి వచ్చాక: హైదరాబాద్ ఉద్యోగమా, నల్లగొండలో వర్క్‌షాపా?

పుణెలో సైన్యం వారి ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి ఉంది. అలాంటి చోట కాలిపర్లు (బలహీనమైన కాలికి ఆసరాగా బిగించే చట్రాలు) చేసి రిటైరై వచ్చేవాళ్లకు ఇక్కడ రెండు దారులు. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో నెల జీతం, టెన్షన్ తక్కువ. నల్లగొండలో సొంత వర్క్‌షాపైతే ఓవెన్, గ్రైండర్, ప్లాస్టిక్ షీట్లు మనమే కొనాలి. మొదట్లో ఆదాయం అంతంతమాత్రమే. కానీ మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. వంగిన ఎముకను కాలిపర్ సరిచేయదు, నడకకు ఆసరా ఇస్తుంది. దాని పట్టీ తెగినా హైదరాబాద్ పోవాలంటే వాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే. పిల్లలకైతే ఎదిగేకొద్దీ మళ్లీ కొలతలు తీయాలి. అందుకే నా ఓటు నల్లగొండకే. ఏ దారి పట్టినా 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ కోర్సును కౌన్సిల్ గుర్తించిందో లేదో సర్వీసులో ఉండగానే చూసుకోండి.