కాఫీ కంటే కుర్చీకే గిరాకీ

బీచ్ రోడ్డులో మేడ మీద ఒక కొత్త కెఫే పెట్టారు. పేరు రాయను, ఎందుకంటే తిట్టబోతున్నాను.

2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధించారు, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలోకి వచ్చేసింది. అప్పట్నుంచి హోటళ్లకి వంటవాడికంటే లైటింగ్ ముఖ్యమైపోయింది. ఇక్కడైతే మరీను. ప్లాస్టిక్ పూల గోడ, రింగ్ లైటు, ఫోను పెట్టుకునే స్టాండు, అన్నీ ఉన్నాయి. బల్లలు కూడా నిలువు వీడియోలో పట్టేలా సన్నగా చేయించారు. రెండు ప్లేట్లు పెడితే మోచేతికి చోటుండదు.

మెనూ మీద 'సముద్రంపై సన్‌సెట్' అని రాశారు. మనది తూర్పు తీరం బాబూ! సూర్యుడు మునిగేది వెనక అపార్ట్‌మెంట్ల వైపు.

అసలు వింత మూలనున్న కుర్చీ. చుట్టూ ఎర్ర తాడు కట్టి, 'మన హీరో కూర్చున్న సీటు' అని బోర్డు పెట్టారు. ఏ హీరో అని అడిగితే ముగ్గురు సర్వర్లు ముగ్గురి పేర్లు చెప్పారు. అయినా దాని ముందు క్యూ తగ్గలేదు. మా మేనకోడలూ నిలబడింది.

కాఫీ వచ్చింది. చెయ్యి చాపానో లేదో, "అత్తా, ముట్టుకోకు, ఇంకా తియ్యలేదు!" అంది. నురగ మీది గుండె బొమ్మ వీడియోలో బాగానే పడింది. నా నోటిదాకా వచ్చేసరికి చల్లారిపోయింది. వేడిగా ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదేమో, డికాక్షన్ అంత పలుచన. శాండ్‌విచ్ గురించి వదిలేద్దాం.

వెలుతురు మాత్రం నిజంగా బాగుంది. ఫొటోలకైతే వెళ్లండి. ఆకలేస్తే కిందికి దిగి మురీ మిక్చర్ తినండి. ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమంటే వేస్తాడు.