అలర్జీ, ఇమ్యునాలజీ, రుమటాలజీ ఒకే విభాగంలో: నా ఫెలోషిప్ రివ్యూ

అమెరికాలో అలర్జీ-ఇమ్యునాలజీ (అలర్జీలు, రోగనిరోధక వ్యవస్థ జబ్బుల వైద్యం) ఫెలోషిప్‌కి, అంటే స్పెషలిస్ట్ శిక్షణకి, రెండేళ్లు పడుతుంది. అంతకుముందే ఇంటర్నల్ మెడిసిన్‌లో గానీ పిల్లల వైద్యంలో గానీ మూడేళ్ల రెసిడెన్సీ పూర్తయి ఉండాలి. కీళ్లవాతం, ఆటోఇమ్యూన్ జబ్బులు చూసే రుమటాలజీ కూడా సాధారణంగా రెండేళ్లే. నేను చేసిన యూనివర్సిటీ ఆసుపత్రిలో ఈ రెండూ కలిపి ఒకటే విభాగం. నేను అలర్జీ ఫెలోని, నా పక్క కుర్చీలో రుమటాలజీ ఫెలో. మ్యాచ్ (అభ్యర్థుల, ప్రోగ్రామ్‌ల ఇష్టాలు కలిపి సీట్లు కేటాయించే పద్ధతి) కోసం ఇచ్చే ర్యాంక్ లిస్టులో ఆ ప్రోగ్రామ్‌ని మొదట పెట్టింది ఈ ఏర్పాటు చూసే.

దాని విలువ ఎలా తెలిసిందో చెప్తాను. నడివయసులో ఆస్తమా మొదలై, ముక్కులో పాలిప్స్ వచ్చి, రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) బాగా పెరిగిన పేషెంట్ ఒకరు మా అలర్జీ క్లినిక్‌కి వచ్చారు. ఆయాసం గురించి అడుగుతుంటే, ఈమధ్య నడిచేటప్పుడు ఒక పాదం పైకి లేవట్లేదని మాటల్లో అన్నారు. రుమటాలజీ ఫెలోని పిలిస్తే అప్పటికప్పుడే వచ్చి చూశాడు. పరీక్షలన్నీ అయ్యాక అది ఈజీపీఏ (ఆస్తమాతో కలిసి వచ్చే ఒక అరుదైన రక్తనాళాల జబ్బు) అని తేలింది. చిన్న రక్తనాళాల్లో వాపు వచ్చి కాలి నరం దెబ్బతింది. నరం దాకా వచ్చింది కాబట్టి పెద్ద డోసు స్టెరాయిడ్లతో పాటు రిటుక్సిమాబ్ (రోగనిరోధక కణాల్ని తగ్గించే మందు) మొదలుపెట్టాలని వాళ్లు, ఆ తర్వాత ఆస్తమా తగ్గకపోతే మెపోలిజుమాబ్ (ఇసినోఫిల్స్‌ని తగ్గించే ఇంజెక్షన్) చూద్దామని మేము, అందరం ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. మెపోలిజుమాబ్ మాకు ముందు నుంచీ ఆస్తమా మందుగానే పరిచయం. ఈజీపీఏకి దానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2017లో. రెండు వేర్వేరు ఆఫీసుల మధ్య రిఫరల్ కాగితాలు తిరిగి ఉంటే ఆ నరానికి ఎంత నష్టం జరిగేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

చేతిపని బాగా నేర్పారు. ఆసుపత్రికి వచ్చేవాళ్లలో దాదాపు 10 శాతం మంది రికార్డులో పెనిసిలిన్ అలర్జీ అని ఉంటుంది. సరిగ్గా పరీక్షిస్తే వాళ్లలో 90 శాతానికి పైగా ఆ మందు వేసుకోగలరు. ఆ ముద్ర తీసేసే పని మాదే. చర్మపరీక్ష పెట్టి, 15–20 నిమిషాలు ఆగి, దద్దురు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి, తర్వాత మా కళ్లముందే అమోక్సిసిలిన్ మింగించేవాళ్లం. మా అటెండింగ్ (మమ్మల్ని పర్యవేక్షించే సీనియర్ డాక్టర్) ఒకరికి ఒక నియమం ఉండేది: మందు ఇచ్చే ముందే ఎపినెఫ్రిన్ (తీవ్రమైన అలర్జీ వస్తే ఇచ్చే ఇంజెక్షన్) డోసు పైకి చెప్పాలి. కిలోకి 0.01 మిల్లీగ్రాము, పెద్దవాళ్లకి 0.5 మించకుండా, తొడ బయటి వైపు కండరంలోకి. ఎంత సీనియర్ ఫెలో అయినా చెప్పాల్సిందే. ఆవిడ పెట్టిన ఈ అలవాటుకి చాలా రుణపడి ఉన్నాను.

మైక్రోస్కోపు దగ్గర రుమటాలజీ వాళ్లతో పాటు మమ్మల్నీ కూర్చోబెట్టేవారు. కీళ్ల నుంచి తీసిన నీటిలో గౌట్ స్ఫటికం సూదిలా ఉంటుంది, కాంపెన్సేటర్ (మైక్రోస్కోపులో రంగు తేడా చూపే ఫిల్టర్) అక్షానికి సమాంతరంగా ఉంటే పసుపుపచ్చగా కనిపిస్తుంది. సీపీపీడీ అనే మరో స్ఫటికాల కీళ్ల జబ్బుది అయితే నీలం. ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బుల కోసం చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని టెన్షన్‌తో వచ్చేవాళ్లతో ఎలా మాట్లాడాలో కూడా అక్కడే నేర్చుకున్నాను. 1:80 టైటర్‌లో (రక్తపు సీరమ్‌ని అంత పలచన చేసి చూసినప్పుడు) ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే సుమారు 13 శాతం మందికి అది పాజిటివ్ వస్తుంది. ఆ ఒక్క సంగతి నిదానంగా చెప్తే చాలామందికి సగం భయం పోయేది.

లోపాలూ ఉన్నాయి, వాటిని చిన్నవి అనలేను. కీళ్ల అల్ట్రాసౌండ్ నేర్పుతామని ఇంటర్వ్యూలో చెప్పారు. మెషీన్ ఉంది, నేర్పే మనిషికి తీరికే లేదు. ఇన్సూరెన్స్ అనుమతుల కాగితాలన్నీ ఫెలోలే నింపాలి. బయోలాజిక్ మందు (రిటుక్సిమాబ్, మెపోలిజుమాబ్ లాంటిది) రాసిన ప్రతిసారీ సాయంత్రం దానికే పోయేది. అన్నిటికన్నా బాధ కలిగించింది పిల్లల రొటేషన్. అలర్జీ-ఇమ్యునాలజీ బోర్డు సర్టిఫికెట్ పెద్దవాళ్లకీ పిల్లలకీ కలిపే ఇస్తారు. ఇంటర్నల్ మెడిసిన్ నుంచి వచ్చిన నాలాంటి వాళ్లకి పసిపిల్లల ఫుడ్ ఛాలెంజ్‌లు (అనుమానం ఉన్న ఆహారాన్ని డాక్టర్ ముందే కొద్దికొద్దిగా తినిపించే పరీక్షలు) ఎన్ని చూస్తే అంత మంచిది. అక్కడ అది చాలా తక్కువ. ఈ విషయంలో ప్రోగ్రామ్ నిర్లక్ష్యంగా ఉందనే నా అభిప్రాయం. రీసెర్చ్‌కి మాత్రం ఇచ్చిన సమయాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అప్లై చేసేవాళ్లు ప్రొఫెసర్ల పేర్లకన్నా ముందు కంటిన్యుటీ క్లినిక్ గురించి అడగండి: అదే పేషెంట్లు రెండేళ్లూ మీ దగ్గరికే వస్తారా? కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ పనిచేస్తుందో లేదో తెలియడానికే వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. అలర్జీ షాట్లు మూడు నుంచి అయిదేళ్లు సాగుతాయి. మందు మొదలుపెట్టిన డాక్టరే ఫలితం చూడకపోతే నేర్చుకునేది సగమే. నా క్లినిక్ పేషెంట్లు చివరి వరకూ నా పేరు మీదే ఉన్నారు, అందుకే పైన రాసిన లోపాలన్నీ ఉన్నా నేను మళ్లీ అక్కడే చేరతాను. పిల్లల అలర్జీయే మీ లక్ష్యమైతే మాత్రం సొంత పిల్లల ఆసుపత్రి ఉన్న ప్రోగ్రామ్ వెతుక్కోండి. మ్యాచ్ ఫలితం డిసెంబర్‌లో వస్తుంది కాబట్టి, లిస్టు ఇచ్చేముందు రెండో సంవత్సరం ఫెలోతో, అటెండింగ్‌లు ఎవరూ లేనప్పుడు ఒకసారి మాట్లాడండి.