మాల్టా హైపోజియం చూపిస్తామనే ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

గత ఏప్రిల్‌లో అమ్మానాన్నలను తీసుకుని మాల్టా వెళ్ళినప్పుడు, ఆన్‌లైన్‌లో ఒక ప్రైవేటు టూర్ సంస్థ దగ్గర ‘చరిత్రపూర్వ ఆలయాలు, హైపోజియంతో సహా’ అన్న ఒకరోజు ప్యాకేజీని నలుగురికి 380 యూరోలు చెల్లించి కొన్నాను. హైపోజియం విషయంలో ఆ డబ్బుకు మాకు దక్కింది దాని వీధి తలుపు దర్శనం మాత్రమే. పెద్దవాళ్ళను యూరప్‌కు పిలిపించుకుని ఇలాంటి చోట్లు చూపించాలనుకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టుగా రాస్తున్నాను.

హాల్ సాఫ్లీని హైపోజియం అన్నది పావోలా పట్టణంలో నేలకింద మూడు అంతస్తులుగా తొలిచిన శ్మశాన గుహాలయం. 1902లో ఇళ్ళు కడుతూ నీటి తొట్టె కోసం తవ్వుతున్న కూలీలకు ఇది బయటపడింది. ఇందులో సుమారు 7,000 మందిని ఖననం చేసి ఉంటారని అంచనా. మా నాన్నగారికి దీనిమీద మనసు పడడానికి కారణం మన గుంటుపల్లి బౌద్ధ గుహలు. అక్కడి చైత్యగుహ కప్పులో కొయ్య దూలాలను రాతిలోనే చెక్కినట్టు, ఇక్కడ నేలమీద రాళ్ళు పేర్చి కట్టే ఆలయాల ద్వారాలనూ కప్పులనూ భూగర్భంలో ఒకే రాతిలో తొలిచి చూపించారు. గుంటుపల్లి కంటే రెండు వేల ఏళ్ళకు పైగా ముందటి పని అది. ఆ రెండింటినీ ఒక జన్మలో చూడాలని ఆయన కోరిక.

మోసానికి వీలు కల్పిస్తున్నది అక్కడి నిబంధనే అని నాకు తరువాత అర్థమైంది. మనుషుల ఊపిరి వల్లా, వెలుతురు వల్లా, మారే తేమ వల్లా గోడలమీది ఎర్రమన్ను చిత్రాలు చెడిపోతాయి కాబట్టి, ఆ కట్టడాన్ని చూసుకునే హెరిటేజ్ మాల్టా విడతకు 10 మంది చొప్పున, రోజుకు 80 మందిని మాత్రమే లోపలికి పంపుతుంది. అందువల్ల టికెట్లు వారాల ముందే, ఒక్కోసారి నెలల ముందే అయిపోతాయి. మనవాళ్ళకు ఇక్కడే ఇబ్బంది. షెంగెన్ వీసా చేతికి రాకుండా టికెట్ కొనడానికి ధైర్యం చాలదు, వీసా వచ్చేసరికి టికెట్లు ఉండవు. అమ్మానాన్నల వీసాలు ప్రయాణానికి మూడు వారాల ముందు వచ్చాయి. అధికారిక వెబ్‌సైటులో మేముండే నాలుగు రోజులూ నిండిపోయి కనిపించాయి, ఈ ప్యాకేజీలో మాత్రం ప్రతిరోజూ ఖాళీలే. అక్కడే అనుమానం రావలసింది. ఆశ కొద్దీ కొనేశాను.

ఆ రోజు బస్సులో మేము 34 మందిమి ఉన్నాము. పది మందికి మించి పోనివ్వని చోటికి ఇంతమందిని ఒకేసారి ఎలా తీసుకువెళతారని మా ఆవిడ బస్సు ఎక్కగానే అడిగింది. గైడు నవ్వి ఊరుకున్నాడు. పావోలాలో బస్సు దిగి, మామూలు ఇళ్ళ మధ్య మామూలు ఇంటి గుమ్మంలాగే ఉన్న ఒక ద్వారం ఎదుట అందరినీ నిలబెట్టి, పది నిమిషాలు చరిత్ర చెప్పి, ఇక పదండి అన్నాడు. నేను మా కాగితం పట్టుకుని లోపలి కౌంటరుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగిని దాన్ని రెండువైపులా తిప్పి చూసి, ఇది వోచరేగాని టికెట్ కాదని, దీనిమీద ప్రవేశ సమయమే లేదని మర్యాదగానే చెప్పింది. వెనక్కి తిరిగి చూస్తే నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని, చొక్కా జేబులోంచి నోట్సు పుస్తకం తీసి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయనకు విషయం చెప్పడం ఆ 380 యూరోల కంటే కష్టమైంది.

మిగిలిన రోజు మరీ వృథా కాలేదు. హజార్ ఇమ్, ఇమ్నాయ్‌ద్రా ఆలయాలను లోపలికి తీసుకువెళ్ళే చూపించారు. అయితే ఆ రెండింటిమీదా 2009 నుంచి పెద్ద తెల్లటి గుడారపు కప్పులున్నాయి. ప్యాకేజీ పేజీలోని ఫోటోలలో మాత్రం రాళ్ళు నీలాకాశం కింద ఆరుబయట ఉన్నాయి. అంత పాత బొమ్మలు పెట్టినవాళ్ళు మిగతా వివరాలు మాత్రం సరిచూసుకుని ఉంటారా?

డబ్బు వెనక్కి అడిగితే, అందుబాటును బట్టి ప్రదేశాలు మారవచ్చని షరతులలో ఉందని జవాబిచ్చారు. పైగా తాము ‘విజిట్’ అన్నామే తప్ప ‘ఎంట్రీ’ అనలేదట! కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, కొన్ననాటి పేజీ నకలు పంపమన్నారు. నేను దాచుకోలేదు, ఈలోగా ఆ పేజీలో ‘బయటనుంచి’ అన్న మాట కొత్తగా చేరింది. నా దగ్గరున్న ఆధారమల్లా హైపోజియం పేరున్న ఈమెయిలు ఒక్కటే. ఫిర్యాదు ఇంకా తేలలేదు.

కాబట్టి కొనేరోజే ఆ పేజీని ఫోటో తీసి ఉంచుకోండి. హైపోజియం టికెట్ అంటే తేదీతో పాటు గంట, నిమిషంతో ప్రవేశ సమయం ఉండి తీరాలి, అది లేని కాగితాన్ని నమ్మవద్దు. వీలైనంతవరకు హెరిటేజ్ మాల్టా దగ్గరే నేరుగా కొనండి. మరుసటి రోజు విడతలకు కొద్ది టికెట్లను వల్లెట్టాలోని ఫోర్ట్ సెయింట్ ఎల్మోలో, కాస్త ఎక్కువ ధరకు, ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో అమ్ముతారని మాకు ఆలస్యంగా తెలిసింది. బయలుదేరేముందు దాని గురించి విచారించుకోండి. ఆరేళ్ళలోపు పిల్లలను లోపలికి రానివ్వరు, ఫోటోలు తీయనివ్వరు.

టికెట్ దొరకకపోతే, హైపోజియంలో దొరికిన ‘నిద్రిస్తున్న స్త్రీ’ మట్టిబొమ్మ వల్లెట్టా పురావస్తు మ్యూజియంలో ఉంది. అరచేతిలో పట్టేంత బొమ్మ. నాన్నగారు దాని ముందు చాలాసేపు నిలబడి నోట్సు పుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నారు.