యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్: కోర్స్‌వర్క్ నుంచి థీసిస్ దాకా వాడాక నా రివ్యూ

హైదరాబాద్‌లో ఓ పెద్ద యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పేరు రాయను, ఎందుకంటే ఇక్కడ చెప్పే ఇబ్బందులు ఆ ఒక్క చోటివే కావు. కోర్స్‌వర్క్ అయిపోయిన కొత్తలో కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లడం మొదలుపెట్టాను, థీసిస్ రాస్తున్న ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. ముందే చెప్పేస్తున్నా, నాకు పనిచేసింది. నిద్ర పడుతోంది, గైడ్ ముందు గొంతు పెగులుతోంది, అన్నీ వదిలేసి ఊరెళ్లిపోదామన్న ఆలోచన పోయింది. కానీ ఇదంతా జరిగింది ఒకే మనిషితో చాలాకాలం మాట్లాడే వీలు దొరికింది కాబట్టి, సెంటర్ నిలబెట్టుకోలేకపోతున్నది కూడా సరిగ్గా ఆ వీలునే.

మొదట గుమ్మం సంగతి. మెట్లెక్కగానే ఒక బల్ల, దాని మీద పొడవాటి రిజిస్టరు, అందులో పేరు, డిపార్ట్‌మెంటు, ఫోన్ నంబరు, వచ్చిన పని అని గళ్లు. నాకంటే ముందు వచ్చిన వాళ్ల పేర్లన్నీ నాకు కనిపించాయి, అందులో మా పక్క ల్యాబ్ అబ్బాయి పేరూ ఉంది. అంటే నా పేరు కూడా నా తర్వాత వచ్చేవాళ్లకు అలాగే కనిపిస్తుందన్నమాట. ఆ బల్ల దాకా వచ్చి వెనుదిరిగిన వాళ్లు మా హాస్టల్లోనే ఉన్నారు. లోపల ఎంత గుట్టుగా ఉంచితే ఏం లాభం, బయటే అందరికీ తెలిసిపోతుంటే? కొందరం కలిసి అర్జీ పెట్టి, ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగితే చివరికి రిజిస్టరు తీసేసి ఈమెయిల్ అపాయింట్‌మెంట్ పెట్టారు. ఆ తర్వాత మా హాస్టల్ నుంచి వెళ్లేవాళ్లు పెరిగారు.

ఇక లోపల. నన్ను మొదట చూసిన మేడమ్ క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేసినావిడ. మొదటిరోజు సలహాలేమీ ఇవ్వలేదు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస ఎలా ఉన్నాయో అడిగే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపించారు, దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు, మొత్తం స్కోరు 27కి లెక్కేస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నా ముఖంలోకి చూస్తూనే, జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగినంత మామూలుగా అడిగారు. అలా అడిగాకే నేను దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి.

తర్వాత చేయించిన పని చూడ్డానికి చాలా చిన్నది. నోట్‌బుక్‌లో పేజీని మూడు గళ్లు చేసి, ఏం జరిగింది, నాకు ఏమనిపించింది, దానికి రుజువేంటి అని రాయమన్నారు. ఒకసారి గైడ్ రాత్రిపూట ‘రేపు ఒకసారి వచ్చి కలువు’ అని మెసేజ్ పెట్టారు. రెండో గడిలో ‘నన్ను పంపించేస్తారు’ అని రాశాను. మూడో గడిలో రాయడానికి ఏమీ లేదు, పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. తెల్లారి వెళ్తే ఫెలోషిప్ ఫారం మీద సంతకం కోసమట. ఇలాంటి పేజీలు పోగయ్యేకొద్దీ నా టెన్షన్ ఏ దారిన వస్తుందో నాకే ముందుగా తెలియడం మొదలైంది. ఇది ఒకటి రెండు సిట్టింగుల్లో వచ్చేది కాదు, పాత పేజీలు గుర్తున్న మనిషి ఎదురుగా ఉండాలి.

సరిగ్గా అప్పుడే మేడమ్ కాంట్రాక్టు అయిపోయింది. మాకు ముందుగా చెప్పలేదు, ఈమెయిల్‌కి కొత్త పేరుతో జవాబు వచ్చింది, అంతే. ఇంట్లో సంగతులు, నాన్న అప్పులు, ల్యాబ్ గొడవలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆ ఓపిక లేక అక్కడితో మానేసింది. కొత్తగా వచ్చిన సార్ మంచివారే, పైగా తెలుగులో మాట్లాడతారు కాబట్టి అమ్మతో జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పగలిగాను. అయినా ఒక సెమిస్టర్ మొత్తం అలా వృథా అయింది. కౌన్సెలర్లు మారక తప్పదనుకున్నా, వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ కలిసి మాతో ఒక్క సిట్టింగ్ పెట్టొచ్చు కదా. దీనికి డబ్బు కూడా అక్కర్లేదు.

మందుల విషయం. కౌన్సెలర్ మందులు రాయరు, అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తారు. నన్నూ పంపించారు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాకేమీ తేడా తెలియడం లేదని వారానికే ఆపేయకూడదు, ఆపాల్సి వచ్చినా డాక్టర్ చెప్పిన ప్రకారం మెల్లగానే తగ్గించాలి. ఈ మాట డాక్టర్ హడావుడిగా చెప్పి పంపేశారు, సార్ కూర్చోబెట్టి వివరించారు.

జూనియర్లు అడిగేది ఒకటే, ‘అక్కా, అక్కడికి వెళ్తే ఇంటికి ఫోన్ చేస్తారా?’ చేయరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోనే గోప్యత హక్కు ఉంది. ప్రాణాపాయం ఉందనుకుంటే మాత్రం ఎవరికో ఒకరికి చెప్పాల్సి వస్తుంది, ఆ సంగతి మొదటి సిట్టింగ్‌లోనే మనకు చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలంది. మంచిదే, కానీ వేలమంది చదివే క్యాంపస్‌లో ఒకరిద్దరిని పెట్టి లెక్క సరిపోయిందనుకుంటే పరీక్షల నెలల్లో అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరుకుతుంది. మా దగ్గర జరుగుతున్నది అదే. పైగా సెంటర్ టైమింగ్స్ పది నుంచి ఐదు, అంటే ల్యాబ్‌లో ఉండాల్సిన గంటలే.

అందుకే సెమిస్టర్ మొదట్లోనే పేరు ఇచ్చుకోండి, బాగున్నప్పుడైనా సరే. ఆ కౌన్సెలర్ ఎన్నాళ్లుంటారో అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రాత్రిపూట మనసు అదుపు తప్పుతుంటే సెంటర్ తెరిచేదాకా ఆగకండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. సెంటర్‌కి సెలవులున్న మే నెలలో నేను రెండు నంబర్లు ఫోన్‌లో పైన పెట్టుకుంటాను, ఒకటి అది, రెండోది మా రూమ్మేట్‌ది.